బుల్లెమ్మగారి గబ్బిలం, ఇంకా రావలసిన అయిదు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను, మిగతా సంగతులు తరవాత.

అమలాపురంలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో నా చేతిలోంచి జారి పగిలిన గాజు స్లైడులు నూట పద్నాలుగు. ఎలుకలు కొరుక్కుతిన్న మైనపు దిమ్మలు ముప్ఫై ఒకటి. ఒక్కో దిమ్మలో ఒక్కో గ్రంథి ముక్క ఉండేది కనుక వాటితోపాటు ముప్ఫై ఒక్క గ్రంథులు కూడా పోయినట్టే. వరద నీళ్లు ల్యాబులోకి వచ్చిన సంవత్సరం బీరువాలో కింది రెండు అరలు పోయాయి. అరల లెక్కే చెబుతున్నాను, వాటిలో ఎన్ని సీసాలున్నాయో నాకు తెలియదు, తెలియని అంకె రాసే అలవాటు నాకు లేదు. మైక్రోటోమ్ కత్తి ఒకటి. ఒక టర్ము మొత్తం తీసిన కొలతలు, అది నా పుణ్యమే, ఆ కథ కింద వస్తుంది. ఇక నా ముక్కు. ఫార్మలిన్, జైలీన్‌ల మధ్య బతికి వాసన పట్టే శక్తి సగానికి సగం పోగొట్టుకున్నాను. మా వీధిలో ఎవరింట పులస చేప ఉడుకుతోందో ఇప్పుడు పక్కింటివాళ్లు చెబితే తప్ప నాకు తెలియదు. కోనసీమలో బతికే మనిషికి ఇది చిన్న నష్టమేమీ కాదు.

ఇవన్నీ పోయినవి. రావలసిన పద్దు ఒక్కటే ఉంది. దాన్ని చివర్లో రాస్తాను, ఎందుకంటే అది ఎందుకు రావాలో ముందు మీకు తెలియాలి.

పని ఏమిటంటే

ఈమధ్య ఇలాంటి ల్యాబుల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు ఒకరిద్దరు మా ఇంటికి వచ్చి, "ఆంటీ, ఆ ఉద్యోగంలో అసలు ఏం చెయ్యాలండీ?" అని అడిగారు. ఇంక్రిమెంట్లు, సర్వీసు రూల్సు సంగతి కాలేజీ గుమాస్తా నాకంటే బాగా చెబుతాడు. నేను పని సంగతి చెబుతాను.

చచ్చిపోయిన గబ్బిలం ఒకటి మీ చేతికి వస్తుంది. అంతకుముందే ఆ చేతికి గ్లౌజు ఉండాలి, ఒంటికి టీకాలు పడి ఉండాలి. అవి లేకుండా గబ్బిలాన్ని ముట్టుకున్న మనిషిని ధైర్యవంతురాలని ఎవరూ అనరు, ఇంకో మాట అంటారు. దాని చెవుల కింద, దవడ కింద ఉండే లాలాజల గ్రంథుల్ని తీసి ఫార్మలిన్‌లో వెయ్యాలి. తరవాత సారాలో నీరు పోగొట్టి, కరిగిన మైనంలో పెట్టి దిమ్మ కట్టి, ఆ దిమ్మని మైక్రోటోమ్ మీద ముక్కలు కొయ్యాలి. ఎంత పల్చగా అంటే, పూతరేకులో ఒక్క పొర తీసుకుని దాన్ని ఇంకో పది పొరలుగా చీల్చగలిగితే అంత. ఆ పొరని గాజు మీద పరిచి రంగు వేస్తే అప్పుడు మైక్రోస్కోపు కింద కణాలు కనిపిస్తాయి.

ఇందులో కష్టమంతా మొదటి గంటలో ఉంది. లాలాజలం పుట్టించే గ్రంథి ప్రాణం పోగానే తనని తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆలస్యమైతే మైక్రోస్కోపు కింద ఉడికిపోయిన సగ్గుబియ్యం కనిపిస్తుంది. మేం గబ్బిలాల్ని చంపేవాళ్లం కాదు. అందుకు అనుమతీ లేదు, మా హెడ్డు మూర్తిగారికి ఆ మనసూ లేదు. కరెంటు తీగలకి తగిలినవి, సపోటా చెట్ల మీద కప్పిన వలల్లో చిక్కుకున్నవి, ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టిన దారాలకి రెక్కలు తెగినవి, ఇవీ మా సరుకు. ఎవరో ఫోను చేస్తారు. నేను ఐసు డబ్బా పట్టుకుని బస్సెక్కుతాను.

"చేపలాండీ?" అని అడిగేవాడు కండక్టరు.

"ఆయ్."

"ఏం చేపండీ?"

"ఎగిరే రకమండీ."

"మా వైపు దొరకదండీ అది," అనేవాడు పాపం, మర్యాదగా. పైగా డబ్బాకి నీడ ఉండే సీటు చూపించేవాడు.

రెండు నోళ్లు

మూర్తిగారి కన్నా ముందు పనిచేసిన హెడ్డు మైక్రోస్కోపుకి ముసుగు వేసి ఉంచేవారు. దుమ్ము పట్టకుండా ఉండటమే ఆ పరికరం చేసే పని అని ఆయన నమ్మకం. మూర్తిగారు చేరిన రోజునే ఆ ముసుగు తీసి చెయ్యి తుడుచుకునే గుడ్డగా వాడారు. ఆయన మీద నాకు గౌరవం అక్కడ మొదలైంది.

ఒకరోజు నా ముందు రెండు స్లైడులు పెట్టి, "వేణిగారూ, వీటిలో పళ్లు తినేదేదో పురుగులు తినేదేదో చెప్పండి చూద్దాం," అన్నారు.

చూశాను. "రెండూ గులాబీరంగు జాకెట్టు గుడ్డల్లాగే ఉన్నాయండి."

"గుడ్డ సరే, నేత చూడండి."

అప్పుడు చూపించారు. రెండింట్లోనూ కణాలు ద్రాక్షగుత్తుల్లాగే ఉన్నాయి. లాలాజలం తయారయ్యేది ఆ గుత్తుల్లోనే. అయితే మన ఇంటి చూరుల్లో ఉండే చిన్న గబ్బిలం, అంటే దోమల్నీ పురుగుల్నీ తినేది, దాని కణాల నిండా చిట్టి చిట్టి రేణువులు కూరి ఉన్నాయి, నాళాలు తక్కువ. అరటితోటల్లో తిరిగే పండు గబ్బిలానిది చూస్తే, గుత్తుల మధ్యన ఎక్కడ చూసినా నాళాలే. వాటి గోడల్లో పొడుగాటి కణాలు, అడుగున సన్నటి గీతలు.

"మనం ఎక్కడున్నామండీ? డెల్టాలో," అన్నారు మూర్తిగారు. "కాలువల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పండులో తీపి ఉంటుంది, నీరుంటుంది, ఉప్పు మాత్రం దాదాపు ఉండదు. రాత్రంతా పండు నమిలి, రసం మింగి, పిప్పి ఉమ్మేసే జంతువు ఎంత లాలాజలం ఖర్చు పెడుతుందో ఆలోచించండి. దాంతోపాటు ఒంట్లో ఉప్పు కూడా పోతే వారంలో చస్తుంది. అందుకని ఆ నాళమనే కాలువ గట్టు మీద అడుగడుక్కీ ఒక లస్కరుని, అంటే నీళ్లు కాపలా కాసేవాణ్ణి, నిలబెట్టింది. లాలాజలం వెళుతుంటే అందులో ఉప్పుని లస్కరు వెనక్కి లాగేసుకుంటాడు. పురుగులు తినేదానికి ఆ బెంగ లేదు. పురుగు ఒంట్లోనే కావలసినంత ఉప్పుంది. ఇద్దరు లస్కర్లతో పని గడిచిపోతుంది."

"మరి మన గ్రంథులు ఏ రకం అండీ?"

"ఊరగాయ లేకుండా అన్నం తినని జాతికి లస్కర్లెందుకండీ," అన్నారు.

ఆరోజు నుంచి నాకు ఉద్యోగం మీద ఇష్టం పుట్టింది. నేను చదివింది ఇంటర్మీడియట్, అది కూడా కామర్సు. లెక్కలు మాత్రం ఇంట్లో నేర్చుకున్నాను. మలికిపురంలో మా నాన్నగారు కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. యార్డులో కాయలన్నీ ఎవరూ ఎంచరు. ఒక రాశి ఎంచి, మిగతా రాశులు దానికి ఎంత పెద్దవో ఎంత చిన్నవో కళ్లతో చూసి గుణిస్తారు. ఎంచే రాశిని మాత్రం గుమ్మానికి దగ్గరగా ఉన్నదని ఎంచుకోకూడదు, అది మా నాన్నగారి ఆజ్ఞ. గుమ్మం దగ్గర ఎప్పుడూ పెద్ద కాయలే పెడతారు. స్లైడు మీద కణాలు ఎంచడం కూడా అంతే. అందంగా కనిపించిన మూల దగ్గర ఆగి కొలవడం మొదలుపెట్టారా, ఇక మీ లెక్క గుమ్మం దగ్గరి రాశే.

మూడు ఏనుగులు

నా తప్పు సంగతి చెబుతానన్నాను. కణాన్ని కొలవడానికి మైక్రోస్కోపు కంటి కటకంలో ఒక సన్నటి గాజు స్కేలు ఉంటుంది. దాని మీద ఒక గీతకి ఎంత విలువో ఆ మైక్రోస్కోపుని బట్టి మారుతుంది. కొలవబోయే ముందు, కచ్చితమైన కొలత గీతలున్న ఇంకో స్లైడుతో సరిచూసుకోవాలి. పరీక్షల రోజుల్లో మైక్రోస్కోపులు అటూ ఇటూ మారాయి. నేను నా కంటి కటకాన్ని తీసి కొత్తదానిలో పెట్టుకుని, పాత విలువతోనే ఒక టర్ము మొత్తం గుణించుకుంటూ పోయాను.

మూర్తిగారు అంకెలు రెండుసార్లు చూశారు. తరవాత, "వేణిగారూ, మన చూరులో గబ్బిలం బరువెంతుంటుందండీ?" అన్నారు.

"అయిదారు గ్రాములండి."

"మీ లెక్క ప్రకారం దాని చెవికింది గ్రంథులే అంత తూగాలండి. మిగతా గబ్బిలం ఎక్కడ పెట్టుకుందంటారు?"

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆయన గాభరా పడి, "ఏడవకండి. కింద సంతకం పెట్టింది నేనే కదా. ఏనుగుని తోలింది మీరు, ఎక్కి కూర్చుంది నేను," అన్నారు. ఆ తరవాత చాలా రోజులు, పెద్దదిగా కనిపించే కణం ఏదొచ్చినా, "ఇది ఏనుగుదా, గబ్బిలానిదా?" అని అడిగేవారు. ఆ సంవత్సరం మా డిపార్టుమెంటు నుంచి బయటికి వెళ్లబోయి ఆగిన పట్టికలు మూడు. వాటిని మేం మూడు ఏనుగులనే పిలిచేవాళ్లం.

నా మాట అడిగితే, తప్పు చేసిన మనిషిని నవ్వించగలిగే అధికారి దొరకడం జీతం కన్నా ముఖ్యం. కసురుకునేవాడి దగ్గర మీరు తప్పులు మానరు, దాచడం నేర్చుకుంటారు.

పద్మ, ఆమె మూడు గబ్బిలాలు

పద్మ రాజోలు అమ్మాయి. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవు రోజుల్లో మా ల్యాబుకి వచ్చి మూర్తిగారి దగ్గర పీహెచ్‌డీ చేసేది. జాతికీ జాతికీ తేడా పుస్తకాల్లో ఉన్నదే. పద్మ ప్రశ్న దాని కన్నా చిన్నది, అందుకే కష్టమైనది. ఒకే జాతి పండు గబ్బిలాల్లో, ఇదిగో ఇన్ని వారాలు ఇదే తిన్నది అని మనకి కచ్చితంగా తెలిసినవాటి కణాలు ఎలా ఉంటాయి? తోటల్లో తిరిగి ఏదో తిని చచ్చిపోయినవాటిలాగే ఉంటాయా, మారతాయా?

అందుకోసం కొన్ని ఇళ్లవాళ్లతో మాట్లాడుకున్నాం. రెక్క చిరిగిన పండు గబ్బిలం దొరికితే, అనుమతి తీసుకుని, పశువుల డాక్టరుగారి సలహాతో ఇంట్లో ఉంచి సాకాలి. మేమిచ్చిన కాగితంలో రోజూ ఏం పెట్టారో రాయాలి. బతికితే వదిలెయ్యాలి. బతకకపోతే వెంటనే ఐసులో పెట్టి మాకు ఫోను చెయ్యాలి. చాలామట్టుకు బతికాయి, ఎగిరిపోయాయి. బతకనివి మూడు. ఒకటి కొత్తపేట, ఒకటి రాజోలు, ఒకటి మామిడికుదురు దగ్గర బుల్లెమ్మగారిల్లు. పద్మ థీసిస్‌లో ఆఖరి అధ్యాయం ఆ మూడు గబ్బిలాల మీద నిలబడి ఉంది.

పద్మ గడువు అప్పటికి రెండుసార్లు పొడిగించారు. మూడోసారి ఉండదని చెప్పేశారు. ఆ వేసవి దాటితే ఏడేళ్ల పని అటకెక్కుతుంది.

బుల్లెమ్మగారికి కొబ్బరితోట ఉంది, అందులో అంతరపంటగా అరటి. భర్త అబ్బులుగారు. గబ్బిలాన్ని చూడటానికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడకి గ్లౌజులు ఇచ్చాను. ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇయ్యేసుకుని పెట్టాలాండీ? చేతికి తొడుగేసుకుని ఎవరికైనా వడ్డిస్తామేటండీ, తప్పు కదూ," అన్నారు. గ్లౌజులకీ టీకాలకీ ఒప్పించడానికి నాకు రెండు ప్రయాణాలు పట్టాయి. మొత్తానికి ఆ జీవిని ఆవిడ అయిదు వారాలు బతికించారు. రెక్క పుండు తగ్గక ఆఖరికి పోయింది. అబ్బులుగారు మోటారుసైకిలు మీద తెచ్చారు. తలకి హెల్మెట్టు లేదు, ఐసు డబ్బాకి మాత్రం తడి తువ్వాలు చుట్టి ఉంది.

"ఇంటిది పొద్దున్నించీ ఏం తినలేదండి," అన్నారు. డబ్బా నా చేతిలో పెట్టాక కూడా చెయ్యి తీయలేదు. "జాగ్రత్తగా కొయ్యండే."

కోశాను. నా ఉద్యోగంలో అంత చక్కగా వచ్చిన కోతలు పది ఉండవు. రంగు వేసి చూశాను. నాళాలు మామూలుగానే ఉన్నాయి, లస్కర్లందరూ గట్టు మీదే ఉన్నారు. గుత్తుల్లో కణాలు మాత్రం చిన్నబోయి ఉన్నాయి. కొత్తపేట, రాజోలు గబ్బిలాల కణం నా స్కేలు మీద ఆరు గీతలు పడితే, ఇది నాలుగు దాటడం లేదు. మూడూ తిన్నది పళ్లే. కాగితాల్లో ఉన్నది అరటిపండు, సపోటా, జామ.

ముందు నన్ను నేనే అనుమానించాను. స్కేలు సరిచూశాను. మైక్రోస్కోపు మార్చి చూశాను. పద్మని పిలిచి, ఏ స్లైడు ఎవరిదో చెప్పకుండా ఆమె చేత కొలిపించాను. నాలుగే.

పద్మ కుర్చీలో వెనక్కి వాలి, "వేణక్కా, ఐసు ఆలస్యమైందని రాసేద్దాం," అంది.

"ఆలస్యం కాలేదు కదా."

"కాలేదు. ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. మరి దీన్ని తీసేస్తే నీకు మిగిలేది రెండు. రెంటి మీద అధ్యాయం నిలబడుతుందా?"

"ఉంచితే అసలు నిలబడదక్కా. ఒకే తిండి తింటే ఒకేలా ఉంటాయని నేను రాసుకున్నాను. ఇదొచ్చి పక్కనే కూర్చుని కాదంటోంది."

ఆమెని తప్పు పట్టలేదు. ఏడేళ్లు ఆదివారాలు వదులుకున్న మనిషికి ఆ మాట అనే హక్కుంది, చేసే హక్కు లేకపోయినా. ఇద్దరం మూర్తిగారి దగ్గరికి వెళ్లాం. ఆయనకి ముందురోజే రెండు దవడ పళ్లు పీకారు. బుగ్గ ఉబ్బి ఉంది.

"ఏనుగా?" అన్నారు, నోరు పూర్తిగా తెరవకుండా.

"కాదండి. ఈసారి ఎలుక."

"స్కేలు చూసేరా? గ్రంథి కుళ్లిందా?"

"చూశానండి. కుళ్లలేదండి, కణం అంచులు శుభ్రంగా ఉన్నాయి."

"అయితే బుల్లెమ్మగారి వంటింట్లో ఏదో జరిగిందండి. పదండి, కనుక్కుందాం."

బుల్లెమ్మగారి వంటిల్లు

ఆటోలో వెళుతున్నంతసేపూ మా ముగ్గురికీ ఒకే అనుమానం. కోనసీమలో ఇంటికి వచ్చిన జీవికి ఒట్టి అరటిపండు పెట్టి ఊరుకుంటారా? పాలు పట్టి ఉంటారు, పంచదార కలిపి ఉంటారు, పూతరేకు రుచి చూపించి ఉంటారు. కాగితంలో రాయడానికి మొహమాటపడి ఉంటారు. మీరేం పెట్టమన్నారో అదే పెట్టామని చెప్పడం మావైపు ఒక మర్యాద. ఎదుటి మనిషి మనసు నొచ్చుకోకూడదు, సైన్సు నొచ్చుకున్నా ఫరవాలేదు.

అరుగు మీద కూర్చోగానే పద్మ మొదలుపెట్టింది. "పిన్నిగారూ, ఏం అనుకోకండి. నిజంగా పళ్లే పెట్టేరా? పాలుగానీ, మిఠాయిగానీ..."

"అయ్యో, అదేం మాటమ్మా! మీరు కాగితమిచ్చేరు కదా. కాగితంలో లేనిది పెడతానా?"

"పెట్టలేదండి," అన్నారు అబ్బులుగారు. "నేను సాక్షి. నాకెప్పుడూ పెట్టని చక్రకేళి దానికి పెట్టింది. గెలలో మంచి పండు చూసి మరీ కోసేది. ముప్ఫై ఏళ్లయింది పెళ్లయి, నా కోసం ఒక్కనాడు గెల తడిమి చూసిన పాపాన పోలేదు."

"మీరు దాన్నంత మర్యాదగా తినరు," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

పళ్లేల్లో జంతికలు, జామకాయ ముక్కలు, సపోటాలు వచ్చాయి. నేనూ పద్మా తింటున్నాం.  ఆ గబ్బిలాన్ని లెక్కలోంచి తీసెయ్యడానికి పద్మకి ఇక్కడ కూడా ఆధారం దొరకలేదు. మూర్తిగారు పళ్లెం వంక చూస్తూ కూర్చున్నారు.

"మీరు తీసుకోలేదేంటండీ?"

"నిన్న పళ్లు పీకేరండి. నమలలేను. ఏమీ వద్దండి."

"అలాగంటే ఎలాగండి, ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషం మేం ముగ్గురం గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాం. ఆవిడ సపోటా తొక్క తీసి, గింజ తీసి, అరటిపండుతో కలిపి గిన్నెలో మెత్తగా మెదిపారు. మెదిపినదాన్ని పల్చటి గుడ్డలో వేసి, మూటకట్టి, గ్లాసులోకి పిండారు. పిప్పి అంతా గుడ్డలో ఉండిపోయింది. చిక్కటి రసం తెచ్చి మూర్తిగారి చేతికి ఇచ్చారు.

"నమలక్కర్లేదండి. నోట్లో పోసుకోవడమే. నలతగా ఉన్నోళ్లకి ఇలాగే ఇవ్వాలి. పాపం ఆ బుల్లి ప్రాణానిక్కూడా ఇలాగే ఇచ్చేదాన్ని."

మూర్తిగారి గ్లాసు పెదాల దగ్గర ఆగింది.

"దేనికండీ?"

"గబ్బిలానికండి. రెక్క నొప్పితో మూలుగుతుంటే అదేం నములుతుందండీ? రోజూ పిండి, ఇంకు ఫిల్లరుతో చుక్కా చుక్కా పోసేదాన్ని. ఇదే గుడ్డండి." ఆయన ముఖం చూసి, "ఉతికేనులెండి," అని చేర్చారు.

అబ్బులుగారు తలకొట్టుకున్నారు. మూర్తిగారు మాత్రం ఒక్క గుక్కలో తాగేశారు. నేను ఆయన దగ్గర పనిచేసిన ఏళ్లన్నిటిలోనూ అంత సంతోషంగా ఏదైనా తాగగా చూడలేదు.

"పద్మా, మన కాగితంలో ఏం పెట్టేరని అడిగేం. ఎలా పెట్టేరని అడిగేమా?" అన్నారు.

పద్మ చేతిలో జామకాయ ముక్క పళ్లెంలో పెట్టేసింది. అప్పుడు ఆయన చెప్పారు. గ్రంథికి తిండి రుచి ఒక్కటే పని చెప్పదు, దవడ కూడా చెబుతుంది. నమిలినకొద్దీ లాలాజలం ఊరాలి, ఊరినకొద్దీ కణం పెరిగి నిలబడుతుంది. మెత్తటి తిండి, జావ తిండి పెట్టిన ఎలుకల్లో ఆ గ్రంథి చిక్కిపోతుందని ఆయన చదివారట. మన పండు గబ్బిలమంటే నమిలి ఉమ్మడమే వృత్తిగా బతికేది. దానికి అయిదు వారాలు పని లేకుండా చేశారు బుల్లెమ్మగారు. పండు అదే. నాళాలూ అందుకే మామూలుగా ఉన్నాయేమో. నమలడం లేదు, గుత్తులు చిన్నబోయాయి.

బుల్లెమ్మగారి ముఖం పాలిపోయింది. "అంటే నేనే చంపేనాండీ?"

"లేదండి," అన్నాను నేను, ఎవరూ నోరు తెరవకముందే. "రెక్క పుండుకి పోయిందండి. డాక్టరుగారు చూసి చెప్పేరు. మీరు దాన్ని సుఖపెట్టేరు, అంతే."

"మరి నమిలితే గ్రంథి బాగుంటుందాండీ?"

"బాగుంటుందండి."

ఆవిడ తలూపారు. ఆ తలూపడానికి అర్థం ఏమిటో మాకు అప్పుడు తెలియలేదు.

ఒకటి అంటే ఒకటే

పద్మ గడువులోపలే థీసిస్ ఇచ్చింది. బుల్లెమ్మగారి గబ్బిలాన్ని తీసెయ్యలేదు, మిగతా రెంటితో కలపనూ లేదు. విడిగా ఒక పేజీ రాసింది. గుడ్డ సంగతి, ఫిల్లరు సంగతి, నా స్కేలు మీద నాలుగు గీతలు, అన్నీ రాసింది. అధ్యాయం కొంచెం కుంటింది గానీ పడిపోలేదు. తన మొదటి వాక్యం, ఒకే తిండి తింటే ఒకేలా ఉంటాయన్నది, కొట్టేసింది. దాన్ని కొట్టేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెన్ను గట్టిగానే నొక్కింది.

వైవాకి పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన మిగతా అధ్యాయాలు చకచకా తిప్పి ఆ పేజీ దగ్గర ఆగారు. "ఒక్క గబ్బిలం అంటే కబురు. అది కొలత కావాలంటే ఎన్ని ఉండాలమ్మా?" అని అడిగారు. పద్మ వెనక్కి తిరిగి నా వంక చూసింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆరుంటే గానీ నేను సగటు తియ్యనని పద్మకి తెలుసు. "ఆరండి. ఇంకా అయిదు కావాలండి," అంది. ఆయన, "అలాగే రాయి," అన్నారు. రాసింది. పట్టా వచ్చింది. "ఈ విషయం తేల్చడానికి మరో అయిదు అవసరం," అన్న మాట ఆ పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

ఆ అయిదు కోసం వెళ్లవలసిన గుమ్మం ఒక్కటే. మూర్తిగారు రిటైరయ్యే ముందు అనుమతులు మళ్లీ తెప్పించారు. నేను వెళ్లి బుల్లెమ్మగారికి విషయం చెప్పాను. ఈసారి గాయపడ్డది ఏదైనా వస్తే, పోయినసారిలాగే రసం పిండి పట్టాలి, మిగతాదంతా మామూలే అని.

"కుదరదండి," అన్నారు.

బుల్లెమ్మగారి నోట అంత పొట్టి మాట నేను అంతకుముందు వినలేదు.

"మీరేగా చెప్పేరు, నమిలితే బాగుంటుందని. తెలియనప్పుడు పిండేను, సరే. తెలిసేక కూడా పిండుతానేటండీ? ఇంటికొచ్చినదానికి?"

"పరిశోధన కోసమండి."

"పరిశోధనకి ఇంకో ఇల్లు చూసుకోండమ్మా. కాఫీ తాగి వెళ్లండి."

ఇంకో ఇల్లు చూసుకున్నాం. అక్కడికి మా కన్నా ముందే బుల్లెమ్మగారి మాట చేరింది. ఆవిడకి చుట్టాలు లేని ఊరు కోనసీమలో లేదు. గబ్బిలానికి జామకాయ కొరికేటట్టు పెట్టాలి, మెదిపితే దవడ చిక్కిపోతుంది అని ఇప్పుడు అమలాపురం నుంచి మలికిపురం దాకా ఆడవాళ్లందరికీ తెలుసు. సైన్సు జనంలోకి వెళ్లాలని మూర్తిగారు ఏళ్ల తరబడి ఉపన్యాసాలిచ్చారు. తీరా అది వెళ్లేసరికి మా ప్రయోగానికి తలుపులన్నీ మూసుకున్నాయి.

ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిలకి నేను చెప్పగలిగింది ఇది. మీ స్కేలుని ముందు అనుమానించండి, తరవాత మీ ప్రశ్నని అనుమానించండి, జనాన్ని ఆఖరున అనుమానించండి. మాకు బుల్లెమ్మగారు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

నేను ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. కళ్లు మునుపటిలా లేవు, అందుకే ముందుగా తప్పుకున్నాను. పద్మ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోను చేసి, "అక్కా, బుల్లెమ్మ పిన్నిగారింటికి ఏమైనా వచ్చిందా?" అని అడుగుతుంది. వస్తూనే ఉన్నాయి. ఆ రోజు తరవాత ఆవిడ చేతిలోకి నాలుగు పండు గబ్బిలాలు వచ్చాయి. నాలుగూ నమిలాయి, వసారా గోడ నిండా పిప్పి ఉమ్మాయి, రెక్కలు మానగానే ఎగిరిపోయాయి. అబ్బులుగారు రెండుసార్లు గోడకి సున్నం వేయించారు.

మొన్న ఆదివారం ఆవిడే ఫోను చేశారు. అయిదోది వచ్చిందట. "జామకాయ పెట్టేనండి, వినండి," అని ఫోను దాని దగ్గర పెట్టారు. చెవికి నొక్కి పట్టుకుంటే నమిలే చప్పుడు వినిపించింది, సన్నగా, తెరిపి లేకుండా.

లెక్క ముగిస్తున్నాను. కావలసినవి ఆరు. చేతికి వచ్చింది ఒకటి. రావలసినవి ఈ రోజుకి కూడా అయిదే.